రెండో కొస

స్నోబోర్డుకి బ్రేకులుండవు. ఈ సంగతి దానిమీద నిలబడి మంచులో జారడానికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమందికి తెలియదు, తెలిసిన పదిమందీ దాని గురించి ఆలోచించరు. కాలు బోర్డులో ఉన్నంతసేపూ అది మన మాట వింటుంది. కాలు తీసి పక్కన పెట్టారా, ఇక దానికి అమ్మా నాన్నా ఎవరూ లేరు. వాలు ఎటుంటే అటు పోతుంది. అడ్డం వచ్చింది చెట్టా, గోడా, మనిషి మోకాలా అని చూడదు.

అందుకే లీషు అని ఒకటి పెట్టారు. మూరెడు తాడు. బోర్డు మీద బూటుని పట్టి ఉంచే బైండింగులు రెండుంటాయి కదా, వాటిలో ముందు కాలిదానికి ఒక కొస బిగించాలి. రెండో కొసన చిన్న కొక్కెం ఉంటుంది, దాన్ని బూటు లేసుకి తగిలించుకోవాలి. అంతే. ఆ తర్వాత కాలు బయటికి తీసినా బోర్డు మూరెడు దూరం దాటి పోలేదు. ఇది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కాకపోతే పెద్ద చదువులవాళ్ళ చేతిలో పడితే ఇంత చిన్న తాడు కూడా ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. చూడడమేంటి, నా చేతులతో నేనే చేశాను.

నేను కొండ కింద అద్దె షాపులో బైండింగులు బిగించే పనివాణ్ణి. పదహారేళ్ళుగా అదే పని. అందరూ మేస్త్రీ అంటారు. మనిషి ఎత్తెంత, బూటు సైజెంత, ఏ కాలు ముందు పెడతాడు, ఇవి చూసుకుని నాలుగు మరలు తిప్పి బోర్డు చేతికిస్తాను. షాపు మేనేజరు మా బావ, అంటే మా ఆవిడకి స్వయానా అన్నయ్య. షాపులో ఆయన మేనేజరు గారు, నేను మేస్త్రి. ఏదైనా ముంచుకొచ్చినప్పుడు మాత్రం ఆయనకి చుట్టరికం గుర్తొస్తుంది. ఆయన నోట 'బావా' అని వినబడిందంటే నా గుండెల్లో రాయి పడుతుంది.

మా ఆవిడది వాలు చివర కాఫీ కౌంటరు. కొత్తవాళ్ళు నేర్చుకునే చిన్న వాలు తిన్నగా వచ్చి ఆ కౌంటరు ముందే ఆగుతుంది. చలికి వణుకుతూ దిగినవాడికి మొదట కనబడేది ఆమె కాఫీయే. అంతకంటే మంచి చోటు ఈ కొండకింద ఇంకోటి లేదు. కిందటేడు సీజను మధ్యలో ఆ మంచి చోటుకే ఖాళీ బోర్డు ఒకటి వచ్చింది. ఎవడో పైన కూర్చుని, కాలు బయటికి తీసి, ఫోను చూసుకుంటున్నాడట. బోర్డు కౌంటరు ముందు చెక్కని చీల్చుకుని లోపలికొచ్చి, పాల సీసాల పెట్టెకి తగిలి ఆగింది. పెట్టెకి అవతల మా ఆవిడ మోకాళ్ళు. మధ్య జానెడు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆమె ఏడవడం లేదు, అరవడం లేదు. బోర్డుని ఎత్తి పట్టుకుని, బైండింగు పక్కన నేను తెల్ల పెన్నుతో పెట్టే గుర్తు నాకు చూపించింది.

"నువ్వు బిగించిందే," అంది.

మర్నాడు ఆమె కౌంటరుని షాపు గోడ వెనక్కి జరిపించుకుంది. అక్కడికి కాఫీ కోసం వచ్చేది దారి తప్పినవాళ్ళే.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, కంపెనీ పెద్దలు ఈ సీజను మొదట్లో మేలుకున్నారు. ప్రతి బోర్డుకీ లీషు ఉండి తీరాలి, లేనివాణ్ణి కొండ ఎక్కనివ్వకూడదు అని ఉత్తర్వు వచ్చింది. వెనకే అట్టపెట్టెల్లో రెండువందల లీషులొచ్చాయి. మూడు రోజులు కూర్చుని అన్నిటినీ బిగించాను. ఈ పదహారేళ్ళలో ఇంత ఇష్టంగా ఏ పనీ చేయలేదు. ఒక్కోటి బిగించి, లాగి చూసి, ఇది పోదు, ఇదీ పోదు అనుకున్నాను. మా ఆవిడ కౌంటరు మళ్ళీ పాత చోటికి వచ్చింది. చీలిన చెక్క మీద ఆమె ఒక అట్టముక్క అంటించింది.

"ఇక భయం లేదుగా?" అని అడిగింది.

"లేదు," అన్నాను. అప్పటికి అది నిజమే.

పది రోజులు తిరక్కుండా నలభై లీషులు మాయమయ్యాయి. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. మనిషి కిందికి దిగుతాడు, బోర్డు వైపు ముడి విప్పి బోర్డు మనకిచ్చేస్తాడు, తాడు తన సొంత బూటుకి వేలాడేసుకుని ఇంటికి పోతాడు. అంతవరకూ దాని సంగతే గుర్తుండదు. బావ నెలనెలా హెడ్డాఫీసుకి ఒక కాగితం పంపాలి. అందులో లీషుల గురించి ఒకే ఒక్క ప్రశ్న ఉంది, ఎన్ని పోయాయి అని. ఎంతమంది కాలికి తగిలించుకున్నారు అనే ప్రశ్న ఆ కాగితం తయారుచేసినవాళ్ళకి తట్టలేదు.

ఒక మధ్యాహ్నం బావ నా బల్ల దగ్గరికొచ్చి, మరల డబ్బా పక్కకి జరిపి కూర్చున్నాడు.

"బావా," అన్నాడు.

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"ఈ తాడుకి కొసలెన్ని?"

"రెండు."

"రెండూ బైండింగుకే బిగించేస్తే?"

వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు.

"రెండోది కాలికి తగిలించడానికి కదా బావా."

"కాలు సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతుంది. బైండింగు ఎక్కడికీ పోదు. తాడు కట్టాల్సింది ఉండేదానికా, పోయేదానికా?"

నేను బల్ల మీది తాడు తీసి రెండు కొసలూ కలిపి పట్టుకున్నాను.

"పలుపు రెండు కొసలూ గుంజకే కట్టేసి, పలుపు భద్రంగా ఉందిలే అనుకుంటే ఆవు ఏమవుతుంది బావా?"

"హెడ్డాఫీసు నన్ను ఆవుల సంగతి అడగట్లేదు బావా. పలుపుల సంగతే అడుగుతోంది." గొంతు తగ్గించాడు. "వచ్చే నెల కూడా నలభై పోయాయని రాస్తే నన్ను తీసేస్తారు. నేను పోతే నువ్వుంటావా? ఆ కౌంటరు మాత్రం ఉంటుందా?"

నేను చేశాను. ఇందులో నన్ను నేను వెనకేసుకురాను. కొక్కేన్ని కూడా బైండింగు చట్రానికే తగిలించి, ఎవరూ విప్పకుండా దాని మీద రివెట్టు కొట్టాను. కొత్తగా తెప్పించిన నలభైతో కలిపి రెండువందల బోర్డులకీ అలాగే కొట్టాను. ఆ తర్వాత ఒక్క లీషు పోలేదు. పోవాలన్నా పోలేదు. గేటు దగ్గర కాపలా మనిషి వంగి చూస్తాడు, తాడు ఉందా, ఉంది, వెళ్ళు అంటాడు. ఇదెందుకండీ అని ఎవరైనా అడిగితే బావ "మీ భద్రత కోసం" అనేవాడు, వాళ్ళు గంభీరంగా తలూపేవాళ్ళు. చాలామంది దాన్ని బోర్డు మోసుకెళ్ళడానికి పెట్టిన పిడి అనుకున్నారు. పోనీ తాడుకి ఏదో ఒక పని దొరికింది కదా అని సరిపెట్టుకున్నాను.

హెడ్డాఫీసు పొంగిపోయింది. 'లీషు భద్రతలో వంద శాతం' అని ఇత్తడి అక్షరాలు పొదిగిన చెక్క ఫలకం ఒకటి పంపింది. రెండంగుళాల మందం, ఇద్దరు పట్టుకుంటే గానీ గోడకెక్కలేదు. ఆపైన కంపెనీ ఇతర కొండల మీది షాపుల్నుంచి నలుగురు మేస్త్రీలని మా దగ్గరికి నేర్చుకోవడానికి పంపించింది. బావ వాళ్ళకి చెల్లెలి కౌంటరులో కాఫీ ఇప్పించాడు. రివెట్టు ఎలా కొట్టాలో నేను నేర్పాను. బుద్ధిగా నేర్చుకున్నారు. ఒక్కడు మాత్రం వెళ్ళబోతూ ఆగి, "మరి కాలికి?" అన్నాడు.

"అది మన కాగితంలో లేదు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

మా ఆవిడకి చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నాలుగు వారాలు గడిపేశాను. మధ్యాహ్నం కాఫీకి వెళ్ళినప్పుడు వాలు వైపు మొహం పెట్టి ఆమెకి అడ్డంగా నిలబడేవాణ్ణి. "పక్కకి జరుగు, వచ్చేవాళ్ళకి దారి లేకుండా," అని కసిరేది. ఆమె ధైర్యంగా వాలుకి వీపు తిప్పి కప్పులు కడుక్కుంటూ ఉంటే నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

అంతలో హెడ్డాఫీసు నుంచి తనిఖీ వస్తోందన్నారు. ఆ పొద్దున ఇంట్లో బూట్లు వేసుకుంటూ మా ఆవిడ అంది, "తనిఖీకి వచ్చే ఆవిడకి నా చేత్తో కాఫీ ఇవ్వాలి. ఆ తాళ్ళు వచ్చాకే కదా నేను నిశ్చింతగా వెనక్కి తిరిగి పని చేసుకుంటున్నాను."

ఇక ఆగలేకపోయాను. కొసల సంగతి, రివెట్ల సంగతి, ఫలకం సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె ఒక బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని విన్నది.

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు వారాలు."

"నాలుగు వారాలు రోజూ వచ్చి నా కాఫీ తాగావు."

నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. "కౌంటరు వెనక్కి జరిపిస్తాను," అన్నాను. "ఇవాళే. ఇద్దరు మనుషుల్ని పెట్టి."

ఆమె రెండో బూటు కూడా వేసుకుని లేచి నిలబడింది.

"నేను కదలను. నువ్వు కదులు."

షాపు ఇంకా తెరవలేదు. నా తాళంతో లోపలికి వెళ్ళి డ్రిల్లు తీశాను. బల్లకి దగ్గర్లో ఉన్నది ఎర్ర బోర్డు. దాని రివెట్టు తొలిచేసరికి కొక్కెం ఊడి వేలాడింది. రెండో బోర్డు అందుకునే లోపల బావ కొత్త కోటు వేసుకుని వచ్చి డ్రిల్లు లాక్కున్నాడు.

"ఇవాళేనా బావా? ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులుంటే ఇవాళే దొరికిందా?"

"అక్కడ నిలబడేది నీ చెల్లెలు బావా."

"తనిఖీ అవనీ. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు. అప్పటికే తనిఖీ అధికారి గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటోంది.

ఆవిడ చాలా పద్ధతి గల మనిషి. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం నిండా గడులు. నా బల్ల మీద ఉండిపోయిన ఎర్ర బోర్డు తప్ప, వరసలో ఉన్న ప్రతి బోర్డు దగ్గరా ఆగి లీషు ఉందా అని చూసింది. గట్టిగా ఉందా అని లాగింది. ఉంది మరి, రెండు కొసలూ బిగించి రివెట్టు కొట్టిన తాడు గట్టిగా ఉండక ఏం చేస్తుంది?

"రెండు కొసలూ బిగించారే," అంది. "మా పుస్తకంలో ఒక కొస బిగిస్తే చాలని ఉంది."

"మేం ఎప్పుడూ ఒకడుగు ముందే ఉంటాం మేడం," అన్నాడు బావ. ఆవిడ ఆ మాట కూడా రాసుకుంది.

అన్నీ అయ్యాక, ఈ ఏటి నివేదిక అట్ట మీద వెయ్యడానికి మేనేజరు గారు బోర్డుతో వాలు మీద ఉన్న ఫోటో కావాలంది. బావ తొమ్మిదేళ్ళుగా ఈ షాపు మేనేజరు, తొమ్మిదేళ్ళలో ఒక్కసారి బోర్డు ఎక్కిన పాపాన పోలేదు. అయినా ఫోటో అనేసరికి ఛాతీ విరుచుకున్నాడు. కోటుకి నప్పుతుందని ఎర్ర బోర్డు తీసుకున్నాడు.

నేను వద్దనలేదు. చిన్న వాలు మీద ఇరవై అడుగులు పైకి తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ముందు కాలు బైండింగులో పెట్టి పట్టీలు బిగించాను. వేలాడుతున్న కొక్కేన్ని బూటు లేసుకి తగిలించాను.

"ఇదేంటి?" అన్నాడు బావ నెమ్మదిగా.

"భద్రత," అన్నాను.

అధికారి కింద కౌంటరు పక్కన నిలబడి ఫోను పైకెత్తింది. మా ఆవిడ కౌంటరులో కాఫీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. నా వంకే చూస్తోంది.

"మొహం సరిగ్గా పడట్లేదండీ," అని అధికారి కిందనుంచి అరిచింది. "కాలు బయటికి తీసి బోర్డు పక్కన నిలబడండి."

బావ చెప్పిన మాట వినే మనిషి. వంగి పట్టీలు వదిలి కాలు తీశాడు. బోర్డు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, కదిలింది. మూరెడు పోయింది, తాడు బిగుసుకుంది, బావ కాలు గాల్లోకి లేచింది. కొత్త కోటుతో సహా వెల్లకిలా పడి బోర్డు వెనకాలే జారాడు. బోర్డు అడ్డం తిరిగి, అంచు మంచులోకి దిగి, కౌంటరుకి పదడుగుల ఇవతల ఆగింది.

బావ వెంటనే లేవలేదు. మంచులో కూర్చుని తన కాలు చూసుకున్నాడు. కాలికున్న తాడు చూశాడు, తాడుకున్న బోర్డు చూశాడు, బోర్డు ముందు ఏముందో చూశాడు. అక్కడ ఆయన చెల్లెలు ఉంది.

"అన్నయ్యా, కాఫీ తాగుతావా?" అంది మా ఆవిడ. కెటిల్ ఇంకా కింద పెట్టలేదు.

అధికారి అక్కడే నిలబడి కాగితం పూర్తి చేసి మాకు చదివి వినిపించింది. ఒక బోర్డుకి లీషు రెండో కొస ఊడి ఉన్నది. ఊడిన కొస మేనేజరు గారి బూటుకి తగులుకున్నందున ఆయన పడిపోయారు. సదరు కొసను తక్షణం బైండింగుకి బిగించవలెను. ఇకమీదట కంపెనీ షాపుల్లో ఏ లీషూ మనిషి కాలికి తగలకుండా చూడవలెను. నకలు అన్ని షాపులకీ.

"మేడం, అది కాలికి తగిలించబట్టే బోర్డు ఆగింది," అన్నాను.

"ఆగడం నేనూ చూశాను," అంది ఆవిడ, మర్యాదగానే. "కానీ ప్రమాదం జరిగితే రాయడానికి గడి ఉంది. తప్పిపోయిన ప్రమాదానికి ఇందులో గడి లేదు." అడుగున మేస్త్రి సంతకం చెయ్యాల్సిన చోట ఇంటూ గుర్తు పెట్టి, సాయంత్రంలోగా పంపమని వెళ్ళిపోయింది. కాఫీ తాగలేదు.

షాపులో బావా నేనూ ఆ కాగితానికి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఆయన తుంటి రుద్దుకుంటున్నాడు.

"నేను సంతకం పెట్టను," అన్నాను.

"పెట్టకపోతే ఉద్యోగం పోతుంది."

"తెలుసు."

బావ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. చివరికి తల వంచుకునే అడిగాడు, "కిందటేడు పాల పెట్టె అడ్డం ఉండబట్టి ఆగింది కదూ?"

"ఈ ఏడు ఆ పెట్టె లేదు బావా. ఫ్రిజ్జు వచ్చాక తీసేసింది."

బావ పెన్ను తీసి, నా సంతకం ఉండాల్సిన చోట 'మేస్త్రి అయిదు రోజులు సెలవులో ఉన్నందున' అని రాసి తనే సంతకం చేశాడు. కాగితం మడిచి కవర్లో పెట్టాడు. తర్వాత సొరుగు తెరిచి డ్రిల్లు నా ముందు పెట్టాడు.

"సెలవులో ఉన్నవాడు షాపులో ఏం చేస్తాడో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

ఆ అయిదు రోజుల సెలవులో పనిచేసినంతగా నేను జన్మలో చెయ్యలేదు. నేను తొలుస్తుంటే బావ పక్కన కూర్చుని బోర్డులు కదలకుండా పట్టుకున్నాడు. గేటు దగ్గర మనిషికి, బైండింగు కాదు, కాలు చూడమని చెప్పాడు. పామూ చావలేదు, కర్రా విరగలేదు. కాగితం మీద రెండు కొసలూ బైండింగుకే ఉన్నాయి, కొండ మీద ఒకటి కాలికి ఉంది. పోయే తాళ్ళ సంగతి ఏమిటని బావ మథనపడుతుంటే మా ఆవిడ విని, "బోర్డు వెనక్కి తీసుకునేటప్పుడు తాడు కూడా ఇమ్మని అడగలేరా?" అంది. అడిగాం. అందరూ విప్పి ఇచ్చేశారు. ఈ ముక్క హెడ్డాఫీసు పెద్దలకి తట్టలేదు, మా బావకి తట్టలేదు, పదహారేళ్ళ మేస్త్రిని నాకూ తట్టలేదు.

ఆరో రోజున బావ గోడ మీంచి ఫలకం దింపించి కౌంటరు దగ్గరికి మోయించుకొచ్చాడు. చీలిన చెక్కకి అది అచ్చంగా సరిపోయింది. అట్టముక్క పీకేసి, ఇత్తడి అక్షరాలు లోపలి వైపుకి పెట్టి, తనే మేకులు కొట్టాడు.

మా ఆవిడ కప్పులు కడుగుతూ ఆ అక్షరాలు చూసేది. మూడో రోజు నాకు కాఫీ ఇస్తూ అంది, "ఆ నలుగురు మేస్త్రీలూ ఇక్కడే నిలబడి కాఫీ తాగారు. వాళ్ళ వాలుల కింద కూడా ఎవరో ఒకరు ఉంటారుగా?"

ఉంటారు. తనిఖీ అధికారి కాగితం నకలు కూడా ఈపాటికి వాళ్ళకి అంది ఉంటుంది. 'మరి కాలికి?' అని అడిగినవాడి మొహం నాకు గుర్తొచ్చింది. కప్పు కింద పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే బావ దగ్గరికి వెళ్ళి సెలవు కావాలన్నాను.

"ఎన్నాళ్ళు?"

"నాలుగు షాపులు."

బావ నా వంక చూశాడు, నా భుజానికున్న సంచి వంక చూశాడు, సెలవు కాగితం తీశాడు. "కారణం అని గడి ఉంది. ఏం రాయను?"

"ఇంటి పని అని రాయి బావా."

అదే రాశాడు. రాసి, సొరుగులోంచి కొత్త డ్రిల్లు బిట్లు రెండు తీసి నా సంచిలో వేశాడు.